నీళ్ళు చూసి పిండం సంగతి చెప్పగలరా? ఐవీఎఫ్‌లో మెటబాలమిక్స్ పరీక్ష కథ

ఈ ఎపిసోడ్ రెండు వారాలు లేటయింది. ఎందుకంటే ఇది మా ఇంట్లో జరిగిన విషయం, చెప్పాలంటే ముందు మా అక్క ఒప్పుకోవాలి. అక్క అంటే మా పెద్దమ్మ కూతురు. మాది తెనాలి, అక్కని ఇచ్చింది రేపల్లె. రెండు వారాలు ఆలోచించి, "పేరు చెప్పకు, ఫొటో పెట్టకు. ఊరు చెప్పినా పర్లేదులే, ఈ ఊళ్ళో నాలాంటోళ్ళు వీధికి ఇద్దరున్నారు" అంది. సరే అని ఇవాళ కెమెరా ముందు కూర్చున్నాను.

ఎప్పుడూ చెప్పే మాట ఇప్పుడూ చెప్తాను. నేను డాక్టర్ని కాదు. బాపట్లలో బీటెక్ చదివి, హైదరాబాద్‌లో నాలుగేళ్ళు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసి, వదిలేసి ఈ వీడియోల్లోకి వచ్చినవాణ్ణి. మెడికల్ సలహా కావాలంటే మీ డాక్టర్‌ని అడగాలి. నేను చెప్పేది ఆ డాక్టర్‌ని ఏం అడగాలి అన్నంత వరకే.

సంగతేంటంటే, అక్కకి పెళ్ళై ఏడేళ్ళు. పిల్లల్లేరు. పెదకాకాని గుడికి ఎన్నిసార్లు వెళ్ళారో లెక్కలేదు, తెనాలిలో మందులు, గుంటూరులో మందులు అన్నీ అయ్యాక చివరికి ఐవీఎఫ్‌కి వెళ్ళారు. ఏ ఊళ్ళో, ఏ ఆసుపత్రో చెప్పను, అడగొద్దు కూడా. బావకి రేపల్లె దిగువన, నిజాంపట్నం వైపు రొయ్యల చెరువు ఉంది. ఆ ఏడు పంట బాగానే వచ్చింది, ఆ డబ్బు మొత్తం దీనికే పెట్టారు.

అండాలు తీశారు. ఏడు వచ్చాయి. అందులో నాలుగు ఫలదీకరణ అయ్యాయి. అక్కని ఇంటికి పంపేశారు. నాలుగో రోజు సాయంత్రం నాకు వాట్సాప్‌లో ఒక ఫొటో వచ్చింది. ఆసుపత్రి ఎస్టిమేట్ కాగితం. ఇంజెక్షన్లు, ప్రొసీజర్, ఫ్రీజింగ్, అన్నిటికీ పక్కన టిక్కులు ఉన్నాయి. అడుగున ఒక్క లైన్‌కి మాత్రం టిక్కు లేదు. "ఎంబ్రియో మెటబాలిక్ స్కోరింగ్, ఆప్షనల్, 45,000." వెనకే అక్క వాయిస్ మెసేజ్. "ఒరే, ఇదేంటో కొంచెం చూసి చెప్పు. రేపు పొద్దున పదింటి లోపు చెప్పాలంట. చేయించుకుంటే సక్సెస్ పెరుగుతుందని అక్కడి కౌన్సిలర్ చెప్పింది. మీ బావ గొలుసు పెట్టేస్తానంటున్నాడు."

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం. బావ అన్న మాట ఏంటంటే, "ఇంత పెట్టాం, ఈ ఒక్కటీ ఎందుకు వదలాలి? రేపు తేడా వస్తే, ఆ పరీక్ష చేయించుంటే బాగుండేదేమో అని జీవితాంతం అనిపిస్తది." ఈ మాటకి నా దగ్గర జవాబు లేదు. ఇలాంటి లైన్లు కాగితం అడుగున పెట్టేది కూడా ఈ భయం మీదే. ఫోన్లో తేలే విషయం కాదని, తెనాలి స్టేషన్‌కి వెళ్ళి రేపల్లె బండి ఎక్కాను. ఆ బండిలో కూర్చుని, సిగ్నల్ వచ్చినప్పుడల్లా చదివిందే ఈ ఎపిసోడ్‌లో సగం.

అసలు మెటబాలమిక్స్ అంటే ఏంటి? మన ఒంట్లో ప్రతి కణం నిమిషం నిమిషం ఏదో ఒకటి తింటుంది, ఏదో ఒకటి బయటికి వదుల్తుంది. గ్లూకోజ్ తీసుకుంటుంది, లాక్టేట్ వదుల్తుంది. అమినో ఆమ్లాలు కొన్ని లోపలికి, కొన్ని బయటికి. ఈ చిన్న చిన్న అణువుల్ని మెటబోలైట్లు అంటారు. వీటిని ఒక్కొక్కటిగా కాకుండా వందల్లో ఒకేసారి కొలిచి, ఆ మొత్తం చిత్రాన్ని బట్టి లోపల ఏం జరుగుతుందో ఊహించే శాస్త్రమే మెటబాలమిక్స్. మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే డీఎన్ఏ అనేది సోర్స్ కోడ్. కోడ్‌లో ఏం రాసుందో చదవొచ్చు, కానీ ఇప్పుడు సర్వర్‌లో ఏం నడుస్తుందో తెలియాలంటే లాగ్స్ చూడాలి. మెటబోలైట్లు ఆ లాగ్స్ అన్నమాట.

ఇది మనకేదో పరాయి సైన్స్ అనుకోకండి. ఇలాంటి చిన్న అణువుల్ని కొలవడంలో ప్రపంచానికి దారి చూపించిన వాళ్ళలో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు ఒకరు. 1925లో అమెరికాలో సైరస్ ఫిస్కేతో కలిసి రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్‌ని రంగుతో కొలిచే పద్ధతి కనిపెట్టారు. బయోకెమిస్ట్రీ పుస్తకాల్లో ఇప్పటికీ ఫిస్కే-సుబ్బారావు పద్ధతి అనే ఉంటుంది. ఆ కొలతతోనే కండరాల్లో ఫాస్ఫోక్రియాటిన్, ఏటీపీ బయటపడ్డాయి. తర్వాత ఫోలిక్ యాసిడ్‌ని ల్యాబ్‌లో తయారుచేసిన బృందాన్ని నడిపించింది కూడా ఆయనే. అక్క రోజూ పొద్దున వేసుకునే చిన్న మాత్ర ఉంది చూడండి, అదే ఇది. గర్భం రాకముందు నుంచే అది వేసుకుంటే బిడ్డకి వెన్నుపూస లోపాలు రావడం బాగా తగ్గుతుందని 1991లో పెద్ద ట్రయల్‌లో తేలింది. షీటు మొత్తం చవకగానే వస్తుంది. ఈ మాత్రని గుర్తుపెట్టుకోండి, తర్వాత మళ్ళీ వస్తుంది.

ఇప్పుడు ఐవీఎఫ్ ల్యాబ్‌లోకి వెళ్దాం. అండం, వీర్యకణం కలిశాక ఆ పిండాన్ని ఒక ప్లాస్టిక్ డిష్‌లో, చిన్న ద్రవపు బొట్టులో పెడతారు. బొట్టు అంటే నిజంగానే బొట్టు, ఒక నీటి చుక్కంత కూడా ఉండదు చాలాసార్లు. ఆరిపోకుండా పైన నూనె పోస్తారు. 37 డిగ్రీల వేడిలో ఐదారు రోజులు పిండం అందులోనే పెరుగుతుంది. ఆ బొట్టుని కల్చర్ మీడియం అంటారు. అందులో గ్లూకోజ్, పైరువేట్, అమినో ఆమ్లాలు, అల్బుమిన్ లాంటివి ఉంటాయి. పిండానికి అదే అన్నం, అదే నీళ్ళు.

ఐదో రోజు పిండాన్ని తీసేశాక బొట్టు మిగిలిపోతుంది. మామూలుగా పారేస్తారు. మెటబాలమిక్స్ వాళ్ళ ఆలోచన ఏంటంటే, ఆ మిగిలిన బొట్టులో ఏం తగ్గింది, ఏం పెరిగింది అని చూస్తే, పిండాన్ని ముట్టుకోకుండానే దాని ఆరోగ్యం చెప్పొచ్చు కదా అని. నిజంగా అందమైన ఆలోచన అండి. పిండం నుంచి కణాలు కోసి పరీక్ష చేయక్కర్లేదు. పారేసే నీళ్ళే సాక్ష్యం.

దీని వెనక గట్టి శాస్త్రమే ఉంది. పిండం మొదటి రెండు మూడు రోజులు ఎక్కువగా పైరువేట్ మీద బతుకుతుంది, ఆ తర్వాత గ్లూకోజ్ వైపు తిరుగుతుంది. ఇంగ్లాండ్‌లో యార్క్ యూనివర్సిటీలో హెన్రీ లీస్ అనే ఆయన దశాబ్దాల పాటు దీన్నే కొలిచాడు. 2002లో ఆయన ఒక మాట ప్రతిపాదించాడు, ఆరోగ్యంగా ఉన్న పిండం నిశ్శబ్దంగా ఉంటుందని. అంటే గాభరాగా ఎక్కువ తినదు, ఎక్కువ వదలదు, తన పని తాను చేసుకుపోతుంది. దెబ్బతిన్నదే రిపేర్ల కోసం ఎక్కువ ఖర్చు పెడుతుంది. 2004లో బ్రిటన్ బృందమే అమినో ఆమ్లాల లెక్క చూసి, గర్భం నిలిచిన పిండాలకీ నిలవని వాటికీ తేడా ఉందని చూపించింది. 2011లో ఆస్ట్రేలియాలో డేవిడ్ గార్డ్‌నర్ బృందం, నాలుగు, ఐదో రోజుల్లో గ్లూకోజ్ బాగా తీసుకున్న పిండాలే ఎక్కువగా బిడ్డలయ్యాయని రాసింది.

గమనించారా? ఒకరు తక్కువ తినేది మంచిది అంటున్నారు, ఇంకొకరు ఎక్కువ తినేది మంచిది అంటున్నారు. ఏ రోజు, ఏ పోషకం అన్నదాన్ని బట్టి రెండూ నిజం కావచ్చు. కానీ వేమూరు దగ్గర ఇది చదివేసరికి నాకు మొదటి అనుమానం వచ్చింది. ఇంత సున్నితమైన దాన్ని ఒక్క నంబర్‌గా, స్కోర్‌గా మార్చి పదింటి లోపు అమ్మడం ఎలా కుదురుతుంది?

మన దేశంలోనూ ఈ పని జరిగింది. మణిపాల్‌లోని కస్తూర్బా మెడికల్ కాలేజీ వాళ్ళు, బెంగళూరు ఐఐఎస్సీలో ఎన్‌ఎంఆర్ విభాగం వాళ్ళు కలిసి మిగిలిన మీడియంలో పైరువేట్, అలనిన్ నిష్పత్తిని చూసి 2013లో పేపర్ వేశారు. ఎన్‌ఎంఆర్ అంటే అణువుల్ని అయస్కాంత క్షేత్రంలో పెట్టి గుర్తుపట్టే పెద్ద యంత్రం. కోట్లలో ఉంటుంది. అది ప్రతి ఐవీఎఫ్ సెంటర్‌లో ఉండదు. అందుకే కొంతమంది షార్ట్‌కట్ వెతికారు. 2007లో అమెరికాలో యేల్ యూనివర్సిటీ బృందం, ఆ బొట్టు మీదికి ఇన్‌ఫ్రారెడ్ దగ్గరి కాంతి పంపి, వచ్చిన గీతల్ని కంప్యూటర్‌తో చదివించి, స్కోర్ ఇవ్వొచ్చని చూపించింది. నిమిషాల్లో అయిపోతుంది. ఆ స్కోర్ ఎక్కువున్న పిండాలే గర్భంగా నిలిచాయని పాత శాంపిల్స్ మీద తేలింది. అందరూ సంబరపడ్డారు.

ఇప్పుడు అసలు కథ. పాత శాంపిల్స్ మీద పనిచేయడం వేరు, ముందుకి పనిచేయడం వేరు. మెషిన్ లెర్నింగ్ చేసినవాళ్ళకి ఇది బాగా తెలుసు. నేను ఉద్యోగంలో ఉన్నప్పుడు ఒక మోడల్ తయారుచేశాం, మా పాత డేటా మీద అద్భుతం. కస్టమర్ దగ్గర పెట్టిన వారానికే చేతులెత్తేసింది. మేం నేర్పింది పాటర్న్ కాదు, మా డేటాలో ఉన్న చెత్తనే నేర్పామని తర్వాత తెలిసింది. దీన్నే ఓవర్‌ఫిటింగ్ అంటారు. ఈ పిండాల స్కోర్‌కీ అదే జరిగిందా అన్నది తేల్చాలంటే ఒక్కటే దారి. దంపతుల్ని లాటరీ తీసి రెండు గుంపులు చేయాలి. ఒక గుంపుకి మామూలుగా మైక్రోస్కోప్‌లో చూసి పిండాన్ని ఎంచాలి, ఇంకో గుంపుకి దానితో పాటు ఈ స్కోర్ కూడా వాడాలి. చివరికి ఎవరికి ఎక్కువ మంది పిల్లలు పుట్టారో లెక్కపెట్టాలి.

అది చేశారు. స్వీడన్‌లో చేశారు, నెదర్లాండ్స్‌లో చేశారు, రెండూ 2012లో వచ్చాయి. స్కోర్ వాడిన గుంపులో గర్భాలు పెరగలేదు. కోక్రేన్ అని ఒక సంస్థ ఉంది, ప్రపంచంలో ఒక విషయం మీద జరిగిన ట్రయల్స్ అన్నీ పోగేసి తేల్చి చెప్తుంది. 2018లో వాళ్ళు ఈ మెటబాలమిక్స్ ట్రయల్స్ నాలుగింటిని, తొమ్మిది వందల మందికి పైగా స్త్రీల ఫలితాల్ని కలిపి చూశారు. తేలిందేంటి? ఈ పరీక్ష వల్ల బిడ్డ పుట్టే అవకాశం పెరుగుతుందనడానికి ఆధారం లేదు.

భట్టిప్రోలు వచ్చేసరికి ఇది చదవడం అయిపోయింది. ఫోన్ జేబులో పెట్టేసి కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. ఎందుకంటే ఆధారం లేదు అన్న మాట అక్కకి ఎలా చెప్పాలి? బావ అంటాడు, ఆధారం లేకపోతే లేకపోయింది, నష్టం లేదుగా అని. నా దగ్గర ఇంకా గట్టి మాట ఉండాలి.

ఆ మాట నాకు తట్టలేదండి. బావకే తట్టింది.

రాత్రి అన్నాలయ్యాక ఇంటి ముందు మంచం మీద కూర్చుని, బొట్టు గురించి, మిగిలిన నీళ్ళ గురించి చెప్పాను. బావ వెంటనే, "అంటే మా చెరువు నీళ్ళ టెస్టే కదరా బామ్మర్దీ" అన్నాడు. నేను అవునన్నాను. రొయ్యల రైతులకి ఇది రోజూ పనే. రొయ్య నీళ్ళలో ఉంటుంది, కనపడదు. నీళ్ళ శాంపిల్ తీసుకెళ్ళి ల్యాబ్‌లో ఇస్తే పీహెచ్, అమ్మోనియా, ఆల్కలినిటీ, ఆక్సిజన్ అన్నీ చూసి చెప్తారు. అమ్మోనియా పెరిగిందంటే మేత మిగిలిపోతుందనో, కింద బురద కుళ్ళిందనో అర్థం. పిండం బొట్టులో కూడా గ్లుటమిన్ విరిగి అమ్మోనియా వస్తుంది, విచిత్రంగా అదే అణువు.

బావ కాసేపు ఆలోచించి ఇంకో మాటన్నాడు. "నీళ్ళ టెస్టు చేయించి ఊరుకోం కదరా. అమ్మోనియా ఎక్కువొస్తే నీళ్ళు మారుస్తాం, మేత తగ్గిస్తాం, ఏరేటర్ ఇంకో రెండు గంటలు తిప్పుతాం. మరి అక్కడ స్కోరు తక్కువొస్తే ఏం చేస్తారు?"

నేను చెప్పాను, ఏం చేయరు బావా, ఏ పిండాన్ని ముందు పెట్టాలో నిర్ణయిస్తారు.

"మిగతావి?"

"ఫ్రీజ్ చేస్తారు."

"మొదటిది నిలబడకపోతే?"

"రెండోది పెడతారు."

"మరి వరస మార్చడానికి నలభై ఐదు వేలా?"

ఇదండీ అసలు పాయింట్. నేను పేపర్లు చదివితే దొరకనిది. కొంచెం నెమ్మదిగా చెప్తాను, ఎందుకంటే ఐవీఎఫ్‌లో ఆప్షనల్‌గా అమ్మే చాలా పరీక్షలకి ఇదే వర్తిస్తుంది. పిండాన్ని ఎంచే పరీక్ష ఏదీ పిండాన్ని బాగుచేయదు. మీ దగ్గర పది మంచి పిండాలు ఉంటే, నిజంగా పనిచేసే పరీక్ష ఉంటే, మూడో ప్రయత్నంలో వచ్చేది మొదటి ప్రయత్నంలో రావచ్చు. టైం, డబ్బు, మనసుకి తగిలే దెబ్బ కలిసొస్తాయి. అది చిన్న విషయం కాదు. కానీ మీ దగ్గర రెండో మూడో ఉంటే, ఎలాగూ అన్నీ ఒకదాని తర్వాత ఒకటి పెడతారు. అన్నిటినీ కలిపి చూస్తే బిడ్డ వచ్చే అవకాశం ఏమాత్రం మారదు. ఇంకా ఘోరం ఏంటంటే, స్కోర్ తక్కువుందని ఒక పిండాన్ని పారేస్తే, అది బిడ్డ అయ్యేదే అయితే, పరీక్ష వల్ల నష్టమే జరిగినట్టు. అప్పుడు నష్టం లేదుగా అన్న మాట కూడా నిలబడదు.

అక్క అప్పటిదాకా లోపల గిన్నెలు సర్దుతుంది. బయటికి వచ్చి, "అయితే రేపు డాక్టరమ్మనే అడుగుతాను, ఎన్ని పిండాలుంటే ఇది పనికొస్తుందని" అంది. ఇంజనీరింగ్ చదివిన నాకంటే మంచి ప్రశ్న అది.

పొద్దున తొమ్మిదింటికి ఫోన్ చేసింది. కౌన్సిలర్‌తో కాదు, డాక్టర్‌తోనే మాట్లాడాలని పట్టుబట్టింది. స్పీకర్‌లో పెట్టింది. డాక్టర్ గారు మంచి ఆవిడే, దాచలేదు. "నాలుగే ఉన్నాయి కదమ్మా, అందులో ఎన్ని ఐదో రోజుదాకా వస్తాయో మధ్యాహ్నం తెలుస్తుంది. మీ కేసులో ఇది అవసరం లేదు" అన్నారు. మరి కాగితంలో ఎందుకు పెట్టారు మేడమ్ అని అక్క అడిగితే, "అది ప్యాకేజీ కాగితం, అందరికీ అదే ఇస్తారు" అన్నారు. మధ్యాహ్నం ఫోన్ వచ్చింది, నాలుగులో రెండు నిలిచాయి. రెండూ ఫ్రీజ్ చేశారు.

నేను ఆ డాక్టర్‌ని తిట్టడానికి ఈ వీడియో చేయట్లేదు. అడిగితే నిజం చెప్పారు. నా బాధల్లా అడగనివాళ్ళ గురించే. ఆ కాగితం పట్టుకుని, ఏం అడగాలో తెలియక, గొలుసు పట్టుకెళ్ళి షాపులో పెట్టేవాళ్ళ గురించి.

ఇంకో విషయం, దీని గురించి బావ చెప్పమన్నాడు. కెమెరాలో చెప్పడానికి ఆయనకి మొహమాటం, కానీ చెప్పమన్నాడు. మొదటి మూడేళ్ళు పరీక్షలన్నీ అక్కకే. స్కాన్లు, హార్మోన్లు, ట్యూబ్ టెస్టు, మందులు. బావకి ఒక్క పరీక్షా చేయలేదు. ఎవరూ అడగలేదు, ఈయనా వెళ్ళలేదు. చివరికి తెనాలిలో ఒక మామూలు ల్యాబ్‌లో వీర్య పరీక్ష చేయిస్తే కౌంట్ బాగా తక్కువని తేలింది. కొన్ని వందల రూపాయల పరీక్ష అది. పిల్లలు లేని జంటల్లో దాదాపు సగం మందిలో మగవాళ్ళ వైపు కూడా ఏదో ఒక కారణం ఉంటుంది. అయినా మన ఇళ్ళల్లో మొదట డాక్టర్ దగ్గరికి నడిచేది ఆడవాళ్ళే. మూడేళ్ళు అండి. ఐవీఎఫ్‌లో వయసే అన్నిటికంటే పెద్ద లెక్క, ముప్పై ఐదు దాటాక అండాల నాణ్యత వేగంగా పడిపోతుంది. ఆ మూడేళ్ళని ఏ స్కోరూ వెనక్కి తేలేదు.

ఇక్కడే ఒక తమాషా. నిజంగా పనికొచ్చే మెటబోలైట్ పరీక్షలు మన ఊళ్ళ ల్యాబుల్లో ఎప్పటి నుంచో ఉన్నాయి, ఎవరూ వాటిని మెటబాలమిక్స్ అని పిలవరు, అంతే. వీర్యంలో ఫ్రక్టోజ్ పరీక్ష అని ఒకటుంది. కణాలు అసలు కనపడనప్పుడు ఫ్రక్టోజ్ కూడా లేదంటే, వీర్యం వచ్చే గొట్టాలు మూసుకుపోయాయో, పుట్టుకతోనే లేవో అని డాక్టర్‌కి అనుమానం వస్తుంది, వైద్యం దారే మారిపోతుంది. ఒక చిన్న చక్కెర అణువు, ఒక ఉందా లేదా అన్న జవాబు, దాని వెంట చేయాల్సిన పని. అలాగే పీసీఓడీ ఉన్నవాళ్ళకి షుగర్ పరీక్ష. ఇన్సులిన్ సరిగా పనిచేయకపోతే అండాలు విడుదలవడం దెబ్బతింటుంది, బరువు కొంచెం తగ్గితేనే చాలామందికి నెలసరి దారిలో పడుతుంది. ఇందాక గుర్తుపెట్టుకోమన్న ఫోలిక్ యాసిడ్ మాత్ర కూడా ఈ లెక్కలోదే. పరీక్ష వెనకాల ఏదో ఒకటి చేయగలిగితేనే పరీక్షకి విలువ. బావ ఏరేటర్ లెక్క ఇదే.

మెటబాలమిక్స్ పనికిరానిదని నేను అనట్లేదు. పరిశోధనగా చాలా గొప్పది. అండం చుట్టూ ఉండే ఫాలిక్యులర్ ద్రవంలో ఏముందో చూసి, ఎండోమెట్రియోసిస్ ఉన్నవాళ్ళలో ఏం తేడా వస్తుందో ఐఐటీ ఖరగ్‌పూర్ వాళ్ళు పరిశోధించారు. ఇలాంటి పనుల వల్లే రేపెప్పుడో కొత్త మందులు రావచ్చు. కల్చర్ మీడియంలో ఏం ఎంత ఉండాలన్నది మెరుగుపడటానికి కూడా లీస్ లాంటి వాళ్ళ కొలతలే కారణం, దాని లాభం ఐవీఎఫ్ చేయించుకున్న ప్రతి జంటకీ అందింది, వాళ్ళకి ఆ పేరు తెలియకపోయినా. పరిశోధనలో భాగంగా అయితే ఆ బొట్టు ఇవ్వండి, డబ్బు తీసుకోకుండా, మీ అనుమతి కాగితం మీద తీసుకుని చేస్తే. డబ్బు కట్టించుకుని, ట్రయల్‌లో నిలబడనిదాన్ని సక్సెస్ పెంచుతుంది అని చెప్పడం వేరు.

చట్టం ఏం చెప్తుందో కూడా చాలామందికి తెలియదు. 2019 సెప్టెంబర్‌లో మన గుంటూరులో డెబ్బై ఏళ్ళు దాటిన మంగాయమ్మ గారు ఐవీఎఫ్‌తో కవలల్ని కన్నారు, ప్రపంచమంతా వార్త అయింది, గుర్తుందా? దాత అండంతో జరిగింది అది. ఆ వార్త చూసి మా వీధిలో కూడా, ఇంకేం, ఏ వయసులోనైనా అవుతుంది అన్నవాళ్ళున్నారు. తర్వాత 2021లో అసిస్టెడ్ రీప్రొడక్టివ్ టెక్నాలజీ చట్టం వచ్చింది, 2022 జనవరి నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం స్త్రీకి 21 నుంచి 50, పురుషుడికి 21 నుంచి 55 ఏళ్ళ మధ్యే ఈ వైద్యం చేయాలి. వయసు సంగతి పేపర్లలో వచ్చింది కానీ, అందులోనే ఉన్న ఇంకో మాట ఎవరూ పెద్దగా చెప్పలేదు. క్లినిక్ వాళ్ళు తమ దగ్గర ఆ ప్రొసీజర్ సక్సెస్ అయ్యే అవకాశం ఎంత, లాభాలేంటి, నష్టాలేంటి, ఖర్చెంత అన్నవి దంపతులకి వివరించి తీరాలి. బతిమాలుకోవాల్సిన పని లేదు, అది మీ హక్కు. క్లినిక్‌కి రిజిస్ట్రేషన్ ఉందో లేదో కూడా అడిగి చూడండి.

కాబట్టి ఎవరైనా మీకు ఆప్షనల్ పరీక్ష చెప్తే, పేరు ఎంత పెద్దదైనా సరే, కాగితం మీద రాయించుకోండి. దీనివల్ల బిడ్డ పుట్టే అవకాశం పెరిగిందని లాటరీ పద్ధతి ట్రయల్‌లో తేలిందా? గర్భం నిలవడం కాదు, బిడ్డ పుట్టడం అని అడగండి, రెండూ ఒకటి కాదు. ఫలితం చెడ్డగా వస్తే నా వైద్యంలో ఏం మారుస్తారు? నాకున్న పిండాల సంఖ్యకి ఇది పనికొస్తుందా? ఈ మూడోది అక్కదే, నేను కాపీ కొట్టాను. రేపు పది లోపు చెప్పాలి అంటే, పదకొండుకి చెప్తే ఏమవుతుందని కూడా అడగొచ్చు, తప్పు లేదు.

ఇక అక్క సంగతి. రెండు నెలలు ఆగి మొదటి పిండం పెట్టారు. నిలవలేదు. పన్నెండో రోజు రక్త పరీక్ష చేయించుకుని, రేపల్లె నుంచి తనే ఫోన్ చేసింది. ఏడుస్తుందేమో అనుకున్నాను. "ఆ స్కోరు చేయించుంటే ఇది అయ్యేదా?" అని అడిగింది. లేదక్కా, స్కోరు ఏం చెప్పినా ఉన్నవి ఈ రెండే, మహా అయితే ఇది ముందో అది ముందో అయ్యేది అని చెప్పాను. "సరేలే, నీ నోటితో ఇంకోసారి విందామని" అంది. నలభై ఐదు వేలు అలాగే ఉన్నాయి, రెండోసారి ట్రాన్స్‌ఫర్ ఖర్చుకి అవే వాడారు. గొలుసు మెళ్ళోనే ఉంది.

రెండోది ఏమైందని మాత్రం కామెంట్స్‌లో అడగకండి. అక్క చెప్పొద్దంది, నేను మాటిచ్చాను.

వచ్చే వారం ఈ ఫ్రీజ్ చేసే పద్ధతి గురించే మాట్లాడదాం. మైనస్ 196 డిగ్రీల్లో పిండం గడ్డకట్టకుండా ఎలా ఉంటుంది, చట్టం పదేళ్ళ వరకే దాచమంటుంది ఎందుకు, చాలామంది అడిగారు. ఐవీఎఫ్ ల్యాబ్‌లో పనిచేసే ఎంబ్రియాలజిస్టులు ఎవరైనా చూస్తుంటే, ఇవాళ నేను చెప్పినదాంట్లో తప్పుంటే మెయిల్ చేయండి, వచ్చే ఎపిసోడ్ మొదట్లోనే సరిచేస్తాను. ఉంటానండి మరి.